ఆవిడ రష్యా మనిషి కాదు

పొద్దున్నే మైనం తొట్టి స్విచ్చి వేయగానే గదంతా వాసన అలుముకుంటుంది. కీళ్ళు పట్టేసిన చేతులను ముంచడానికి ఫిజియోథెరపీ గదుల్లో వాడే మైనం అది. గడ్డగా ఉన్నప్పుడు దానికి వాసనే ఉండదు. కరగడం మొదలయ్యాక మాత్రం, అప్పుడే ఆరిన దీపం దగ్గర ముఖం పెట్టినట్టు ఉంటుంది. నరసన్నపేటలో నేనీ పనిలో చేరి ఏడాది దాటింది. ఇక్కడి వాళ్ళకు అది రోజూ వచ్చే వాసన. నాకు మాత్రం అది తగలగానే దవడ బిగుసుకుంటుంది. దుఃఖం కాదు, దుఃఖం కొన్నాళ్ళకు మెత్తబడుతుందంటారు. ఇది కోపం. దీన్ని నాకు అప్పగించిన మనిషి పేరు అనహిత్. ఆర్మేనియా దేశస్థురాలు. మా చీపురుపల్లిలో ఆరేళ్ళు బతికింది. ఆ ఆరేళ్ళూ ఊరు ఊరంతా ఆవిణ్ణి రష్యా డాక్టరమ్మ అనే పిలిచింది. ఆవిడ రష్యా మనిషీ కాదు, డాక్టరూ కాదు.

మా ఊరి సుధాకర్ గారు ఇక్కడ సీటు రాక ఆర్మేనియా రాజధాని యెరెవాన్ వెళ్ళి వైద్యం చదివారు. బాప్టిస్టు మిషను చర్చి కుటుంబం వాళ్ళది. అక్కడి ఆసుపత్రిలో కాళ్ళు దెబ్బతిన్న సైనికులకు మళ్ళీ నడక నేర్పే పని చేస్తుండేది అనహిత్. ఆయన పట్టాతో పాటు ఆవిణ్ణీ తీసుకొచ్చారు. స్టేషను రోడ్డులో నర్సింగ్ హోం పెట్టి, అందులో వెనక గది ఆవిడకిచ్చారు. ఇంటరుతో చదువాగిపోయిన నన్ను ఆ గదిలో సాయానికి పెట్టుకున్నారు. రోగులను పిలవడం, కాలో చెయ్యో పట్టుకోవడం, ఆవిడకు భాష రాదు కనుక మాటలు అందించడం నా పని. మూడో పని ఏడాదిలోపే పోయింది. ఆవిడ తెలుగు నేర్చుకున్నది పుస్తకాల్లో కాదు, మొగుడి దగ్గరా కాదు. జూట్ మిల్లు కూలీల దగ్గర, వరి కోసి నడుములు పడిపోయిన ఆడవాళ్ళ దగ్గర, అత్తగారు కరుణమ్మ గారి తిట్ల దగ్గర నేర్చుకుంది. అందుకే ఆ తెల్లని మనిషి నోట్లోంచి మా ఊరి యాస ఊడిపడుతుంటే కొత్తవాళ్ళు నోళ్ళు తెరిచేవారు.

నేను చేరి ఏడాది కావస్తుండగా ఒక ముసలి రైతు మంచం మీద పడుకుని కబుర్లు మొదలుపెట్టాడు.

"ఏటమ్మా, మీ రస్యాలో కొండల్నిండా మంచేనట గదా?"

"నాకేటి తెలుసు మావా. నాను రష్యా సూడనేదు. నాది ఆర్మేనియా."

"అదెక్కడున్నాది?"

"రష్యాకి కిందన."

"అయితే రస్యాయే గదా. చీపురుపల్లి కిందనున్న పల్లెలన్నీ చీపురుపల్లి కిందకే వస్తాయి."

ఆవిడ అతని మోకాలి మీద బొటనవేలు పెట్టి నొక్కింది. అతను కెవ్వుమన్నాడు.

"ఇది నీ మోకాలు. దీని కిందనున్నాది పాదం. రెండూ ఒకటేనేటి?"

ముసలాయన నవ్వాడు, ఆవిడా నవ్వింది. వెళ్ళేటప్పుడు గుమ్మం దగ్గర ఆగి "వస్తానమ్మా రస్యా డాట్రమ్మా" అన్నాడు. ఆవిడ ముఖంలో నవ్వు అలాగే ఉంది కానీ తువ్వాలు మడతపెడుతున్న చేతులు ఆగిపోయాయి. పెళ్ళయి వచ్చిన వారానికే కరుణమ్మ గారు పలకలేక ఆవిడ పేరును అనిత చేసేశారు. ఊరేమో దేశాన్ని మార్చేసింది. నేను పేరు సరిగ్గా పలకడానికి ఒక మధ్యాహ్నమంతా కష్టపడ్డాను. పలికాక "ఇకమీద అక్కా అను సాలు, కానీ ఆ పేరు ఒకటున్నాదని గుర్తెట్టుకో" అంది.

నా గురించి ఒక మాట చెప్పుకోవాలి. నేను కాలేజీ గడప తొక్కలేదు కానీ మా ఊరి శాఖా గ్రంథాలయంలో చదవని బీరువా లేదు. ఆ అలవాటు చేసింది అప్పలస్వామి మాస్టారు. రిటైరైన బడిపంతులు, పాత కమ్యూనిస్టు. ఆయన చెప్పే పుస్తకాలన్నీ మాస్కోలో తెలుగులో అచ్చయి వచ్చినవి. నున్నటి కాగితం, రంగుల బొమ్మలు. మా ఊళ్ళో సగం మందికి రష్యా అంటే మేనమామ ఊరు లాంటిది. అక్కడివాళ్ళెవరినీ చూడకపోయినా చుట్టరికం మాత్రం గట్టిది. అలాంటి ఒక పుస్తకంలో ఆర్మేనియా పేరు కనబడగానే సంబరంగా ఆవిడ దగ్గరికి పట్టుకెళ్ళాను. పదిహేను రిపబ్లిక్కుల అమ్మాయిలు రకరకాల దుస్తుల్లో చేతులు పట్టుకుని గుండ్రంగా ఆడుతున్న బొమ్మ అది. "చూడక్కా, మీ జాతులన్నీ అన్నదమ్ముల్లా కలిసిమెలిసి ఉండేవట" అని చదివి వినిపించాను.

ఆవిడ బొమ్మను దగ్గరికి లాక్కుంది. ఒక పిల్ల మీద వేలు పెట్టింది. "ఇది మాది." పక్క పిల్ల మీదకు జరిపింది. "దీని సెయ్యి పట్టుకున్నాదే, ఇది అజర్‌బైజాన్ పిల్ల. మా పక్కూరు ఆలదే. మా అమ్మ పెళ్ళిలో ఆల ఊరోడే డోలు కొట్టినాడు. ఇప్పుడు ఆ ఊరి కొండ మీద తుపాకులున్నాయి, మా ఊరి కొండ మీదా ఉన్నాయి." పుస్తకం మూసి నా చేతిలో పెట్టింది. "అన్నదమ్ములంతావు. మీ ఊర్లో అన్నదమ్ములు పొలం గట్టు కాడ ఎలగ కొట్టుకుంతారో సూడనేదేటే నువ్వు?"

నేను చిన్నబుచ్చుకున్నాను. తర్వాత ఆ చిన్నబుచ్చుకోవడం కోపంగా మారింది. ఆవిడ మీద కాదు, పుస్తకం మీద. నేను దాన్ని నమ్మాను. అచ్చులో ఉంది కదా అని, కాగితం నున్నగా ఉంది కదా అని నమ్మాను. ఆ సాయంత్రమే లైబ్రరీకి వెళ్ళి అట్లాసు తీశాను. ఆర్మేనియా మా శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ జిల్లాలు కలిపినదానికంటే కాస్త పెద్దదిగా కనిపించింది, అంతే. చుట్టూ ఎక్కడా సముద్రం లేదు. మర్నాడు దాన్ని గుర్తుపెట్టుకుని కాగితం మీద గీసి చూపిస్తే, ఆవిడ పెన్ను తీసుకుని సరిహద్దులు ఒక్కొక్కటీ చెప్పింది. ఇంటికి నాలుగు తలుపులనుకో. పడమటి తలుపు టర్కీది, తన చిన్నప్పుడే మూసేశారట. తూర్పు తలుపు అజర్‌బైజాన్‌ది, అదీ మూతే. ఉత్తరాన జార్జియా దారి తెరిచే ఉంటుంది కానీ రష్యాకు పోయే కొండదారిలో మంచు పడితే లారీలు వారాలు వారాలు నిలిచిపోతాయి. దక్షిణాన ఇరాన్, దానితో కొనడం అమ్మడం చేస్తే అమెరికాకు కోపం. "మా నాన్న రష్యాలో ఇల్లు కట్టే పనికి పోతాడు. మా పొయ్యిలో గ్యాసు రష్యాది. మా సరిహద్దు మీద కాపలా కూడా రష్యావోడే. ఇన్ని ఆలవే అయినప్పుడు, నన్ను కూడా రష్యాదాన్ని సేసీడానికి మీకు మనసెలగ ఒప్పుతాది?"

నేను చేరిన మరుసటి ఏడాది, 2014లో, ఆవిడ తమ్ముడు హైక్‌కు పద్దెనిమిదేళ్ళు నిండాయి. అక్కడ మగపిల్లలందరూ రెండేళ్ళు సైన్యంలో పనిచేసి తీరాలి. వాణ్ణి కరబాఖ్ కొండల్లో కాపలాకు వేశారు. ఆర్మేనియా, అజర్‌బైజాన్ రెండూ మాదంటే మాదని కొట్టుకుంటున్న నేల అది. ఒక యుద్ధం అయిపోయింది, ఒప్పందం మాత్రం కాలేదు. ఆ మధ్యలో కందకాల్లో పిల్లలను నిలబెట్టారు. వాడు 2016 వేసవిలో బయటికి రావాలి, ప్రాణాలతో రావాలి. అప్పట్నుంచీ ఆవిడ నవ్వినా, విసుక్కున్నా, ప్రార్థించినా దాని వెనక ఉన్నది ఈ ఒక్క సంగతే. రాగానే చీపురుపల్లి రప్పించి, ఎన్నడూ సముద్రం చూడనివాడికి కళింగపట్నం తీసుకెళ్ళి చూపించాలని అనుకుంది. వీలైన ఆదివారాల్లో వాడు ఫోను చేసేవాడు. అక్క నేర్పిన ఒకే ఒక తెలుగు ముక్క వాడికి వచ్చు. నేను ఫోనెత్తితే, కందకంలోంచి, ఎవరో పక్కన నవ్వుతుండగా, "కూడు తిన్నావేటి?" అని అడిగేవాడు.

ఆ ఏడాదే హుద్‌హుద్ తుఫాను వచ్చింది. రోజుల తరబడి కరెంటు లేదు, నీళ్ళు లేవు. నర్సింగ్ హోం వరండాలో జనం చేరి ప్రభుత్వాన్ని, కరెంటోళ్ళను, దేవుణ్ణి తిట్టుకుంటున్నారు. అక్క మాత్రం ఇటుకలు పేర్చి, విరిగిన కొమ్మలు విరిచి, ఒకే మంట మీద అన్నం, నీళ్ళు, రోగుల కాపడానికి ఇసుక మూటలు వరసగా కాచింది. ఒక్క కొమ్మ వృథా కానివ్వలేదు. కరుణమ్మ గారు ఆశ్చర్యపోయి "ఇదంతా నీకెవరు నేర్పినారే? మీ దేశంలో తుఫాన్లు వస్తాయేటి?" అని అడిగారు.

"మా దేశంలో తుఫాను రాదత్తా. నాకు ఆరేళ్ళప్పుడు మా సరిహద్దు తలుపులు మూసీసినారు. నూనె నేదు, గ్యాసు నేదు, రైలు నేదు. రెండు మూడు సలికాలాలు రోజుకి గంటో రెండు గంటలో కరెంటు. మా నాన్న ఇంటెనక అక్రోటు సెట్టు కొట్టీసినాడు. నా ఊయల ఆ సెట్టుకే ఉండేది. బళ్ళో ప్రతి పిల్లా సంకలో ఒక కర్ర పట్టుకుని ఎల్లాలి, పొయ్యిలోకి. కర్ర తేనోడు ఎనక బెంచీలో కూకోవాలి." ఊదుతున్న గొట్టం పక్కన పెట్టింది. "మీకిది గాలి సేసినాది. గాలికి కళ్ళు నేవు. మాకు పక్కింటోల్లు సేసినారు, కళ్ళతో సూస్తా సేసినారు."

కరుణమ్మ గారు లేచారు. లోపలికి వెళ్ళి విరిగిపోయిన పాత కుర్చీ ఒకటి తెచ్చి మంట పక్కన పడేశారు.

ఇక ఆ బీరువా గొడవ. మా గదికి తూర్పు వైపు పెద్ద కిటికీ ఉంది. దానికెదురుగా, పట్టాలకు అవతల కొండ. అక్క వచ్చిన కొత్తలోనే ఒక ఇనప బీరువాను ఆ కిటికీకి అడ్డంగా పెట్టించింది. గదిలో ఉక్క, చీకటి. వచ్చిన ప్రతివాడూ ఒక మాట అనకుండా పోడు. "తూరుపు కిటికీ మూసీసినారేటి, లచ్చిమి ఎలగొస్తాది?" అని హిందువులు. "ఎవురో సిద్ధాంతి సెప్పుంటాడు, రష్యా డాట్రమ్మకి కూడా వాస్తు పిచ్చి అంటుకున్నాది" అని చర్చివాళ్ళు. కరుణమ్మ గారైతే "వాస్తు మనకి పట్టదు సరే, గాలి కూడా పట్టదేటే నీకు?" అనేవారు. అక్క ఎవరికీ జవాబు చెప్పేది కాదు.

ఒకరోజు డాక్టరు గారు సున్నం వేయించడానికి మనుషుల్ని పెట్టి బీరువా పక్కకు జరిపించారు. గదిలోకి వెలుతురు వరదలా వచ్చింది. అక్క అప్పుడు లేదు. నేను సంతోషంగా, వంకర పాదాల చిన్నపిల్లను కిటికీ దగ్గరి మంచం మీద పడుకోబెట్టాను. అక్క గుమ్మంలోకి వచ్చి కొండను చూసింది. ఒక్క అంగలో వచ్చి పిల్లను ఎత్తుకుని, గోడ మూలకు వెళ్ళి, పిల్ల మీదికి వంగి కూర్చుంది. పిల్ల ఏడుపు, తల్లి కంగారు. నేను బీరువా తోసేదాకా అక్క లేవలేదు. పిల్లా తల్లీ వెళ్ళాక చెప్పింది. వాళ్ళ ఊరు సరిహద్దు పక్కనే. బడి ఎదురుగా కొండ, కొండ మీద అవతలివాళ్ళ కాపలా. బడికి ఆ వైపు కిటికీలన్నీ ఇటుకలు పెట్టి మూసేశారట.

"మా బళ్ళో ముందు ఎటు కూకోవాలో నేర్పుతారు. అచ్చరాలు తరవాత."

"ఆ కొండ మీద ఎవరూ లేరక్కా. మేకలు కాసేవాళ్ళే."

"తెలుసే. నా బుర్రకి తెలుసు. ఈపుకి తెల్దు."

ఆ తర్వాత వాస్తు మాట ఎత్తినవాళ్ళతో నేను పోట్లాటలు పెట్టుకున్నాను. మా ఊరికి ప్రతిదానికీ ఒక సిద్ధంగా ఉన్న మాట కావాలి. తెల్లగా ఉంటే రష్యా. కిటికీ మూస్తే వాస్తు. ఆ మాట దొరికాక ఇక ఎవరూ ఏమీ అడగరు. పెద్ద పెద్ద పేపర్లు చేసేదీ ఇదేనని నాకు అప్పటికింకా తెలియదు.

2016 ఏప్రిల్ మొదటి శనివారం అక్క ఫోను చేత్తో పట్టుకుని గదిలోకి వచ్చింది. కరబాఖ్‌లో తెల్లవారకముందే యుద్ధం మొదలైందని వాళ్ళమ్మ చెప్పిందట. హైక్ ఫోను మోగుతోంది, ఎవరూ ఎత్తడం లేదు. డాక్టరు గారు యెరెవాన్‌లో తెలిసినవాళ్ళందరికీ చేస్తూనే ఉన్నారు. వరండాలో టీవీ పెట్టి ఛానళ్ళన్నీ తిప్పాను. క్రికెట్, మర్నాటి ఫైనలు గురించే. మన జట్టు అప్పటికే ఓడిపోయింది, అయినా అదే. ఒక్క ఛానలూ ఆ దేశం పేరెత్తలేదు. ఫోనులో ఇంగ్లీషు వార్తలు డిక్షనరీ పెట్టుకుని చదివాను. రష్యా కొన్నేళ్ళుగా ఈ ఇద్దరికీ ఆయుధాలు అమ్ముతోందని అప్పుడే తెలిసింది. ఒకణ్ణి, ఆర్మేనియాను, తన కూటమిలో పెట్టుకుంది, రెండోవాడికి ఇంకా ఎక్కువ అమ్మింది. నేను రెండుసార్లు చదివాను, ఇంగ్లీషు నాకే సరిగ్గా అర్థం కాలేదేమో అనుకుని. సరిగ్గానే అర్థమైంది.

ఆదివారం పేపర్లు ఏమీ రాయలేదు. సోమవారం నాడు లోపలి పేజీలో అగ్గిపెట్టెంత వార్త. ఇరువర్గాల మధ్య ఘర్షణ అని. మా ఊళ్ళో చెరువు నీళ్ళ దగ్గర రెండు వీధులు కొట్టుకుంటే జిల్లా పేజీలో వేసేదీ అవే మాటలు. ఇరువర్గాల మధ్య ఘర్షణ. ట్యాంకులున్నాయని లేదు, ఎవరి ట్యాంకులో లేదు. ఆ రోజంతా అక్క పనిచేసింది. ఇంటికి పొమ్మని డాక్టరు గారు చెప్పినా వినలేదు. ఒకరి నడుము, ఒకరి మెడ, ఒకరి భుజం. రోగికీ రోగికీ మధ్య ఫోను చెవి దగ్గర పెట్టుకునేది, అవతల మోగి మోగి ఆగేది, మళ్ళీ నూనె రాసుకునేది.

మంగళవారం మధ్యాహ్నం కబురు వచ్చింది. హైక్ మొదటి రోజే చనిపోయాడు. ఇన్ని రోజులూ ఆవిడ చేసింది ఎత్తడానికి మనిషి లేని ఫోనుకు. అదే మధ్యాహ్నం యుద్ధం ఆగింది, మాస్కోలో మాట్లాడుకుని ఆపారు. రెండు కబుర్లూ ఒకే గంటలో వచ్చాయి.

సాయంత్రం వాళ్ళింటి వరండాలో జనం చేరారు. అక్క ఎవరితోనూ మాట్లాడకుండా నర్సింగ్ హోంకు వెళ్ళి మైనం కరిగించింది. బ్యాండేజీ గుడ్డలోంచి దారాలు లాగి, మైనంలో ముంచి ఆరబెట్టి, మళ్ళీ ముంచి, సన్నని కొవ్వొత్తులు చేసింది. నేను దారాలు అందించాను. వాళ్ళ చర్చిలో చనిపోయినవాళ్ళ కోసం ఇసుక పళ్ళెంలో ఇలా సన్న కొవ్వొత్తులు గుచ్చుతారట. ఇంటికొచ్చి పళ్ళెంలో ఇసుక పోసి వరండాలో పెట్టగానే సంఘ పెద్ద ఒకాయన గొంతు సవరించుకున్నాడు.

"అమ్మా, తప్పుగా అనుకోకు. మనం బాప్టిస్టులం. సచ్చిపోయినోల్లకి కొవ్వొత్తులు ఎలిగించం. అది ఏరే సంఘపోల్ల ఆచారం."

అక్క చేతిలో అగ్గిపెట్టె అలాగే ఉండిపోయింది. డాక్టరు గారు పాస్టరు గారి వైపు చూశారు. పాస్టరు గారు సర్దుబాటుగా ప్రార్థన మొదలుపెట్టారు. రెండు దేశాల నాయకులకూ మంచి బుద్ధి ఇమ్మని, శాంతి ఇచ్చినందుకు వందనాలని. హైక్ పేరు రాలేదు. ఆమేన్ అయ్యాక, చర్చికి ఎప్పుడూ రాని మా అప్పలస్వామి మాస్టారు కర్ర ఊతంతో ముందుకు వచ్చి ఆవిడ తల మీద చెయ్యి వేశారు. ఆయన కళ్ళల్లో నీళ్ళున్నాయి. నిజంగానే ఏడ్చారు, ఆ మాట నేను దాచను.

"ఊరుకో అమ్మా. రష్యా కలగజేసుకున్నాది. యుద్ధం ఆపీసింది. రష్యా ఉన్నంతకాలం మీ జాతికి భయం నేదు."

అక్క తలెత్తింది. గొంతు పెంచలేదు.

"మాస్టారూ, నీకు పొలం ఉన్నాది గదా?"

"ఉన్నాదమ్మా."

"నీకూ పక్క పొలపోడికీ గట్టు తగువనుకో. ఒకడు నీకాడికి వచ్చి, నాను నీ స్నేహితుణ్ణి అని కత్తి అమ్మినాడు. ఆడే పక్కోడి కాడికి ఎల్లి ఇంకా పెద్ద కత్తి అమ్మినాడు. మీరు నరుక్కున్నారు. నీ కొడుకు సచ్చినాడు, పక్కోడి కొడుకూ సచ్చినాడు. పక్కోడి పెళ్ళాం మీద నాకు కోపం నేదు, అదీ నాలాగే ఏడుస్తాది. అప్పుడు కత్తులు అమ్మినోడే వచ్చి, ఆపండర్రా అన్నాడు. ఊరంతా ఆడికి దండం ఎట్టినారు." ఇసుకలో ఒక కొవ్వొత్తి గుచ్చింది. "అలాటోణ్ణి మీ తెలుగులో ఏటంతారు? నాకు తెల్దు మాస్టారూ. నువ్వు పంతులువి గదా. నేర్పు."

మాస్టారు చెయ్యి వెనక్కి తీసుకున్నారు. ఆవిడ నిజంగానే జవాబు కోసం చూస్తోంది, ఒకరి తర్వాత ఒకరి ముఖంలోకి. నా ముఖంలోకీ చూసింది. అన్ని బీరువాలు చదివిన నాకు ఒక్క మాట దొరకలేదు. దళారి అంటే చిన్నది. ద్రోహి అంటే సరిపోదు, వాడు ఎవరికీ చెందినవాడే కాదు. ఇప్పటికీ వెతుకుతూనే ఉన్నాను.

గుమ్మంలోంచి కరుణమ్మ గారు వచ్చారు. కోడలి చేతిలోని అగ్గిపెట్టె లాక్కుని పుల్ల గీశారు. "నాను ఎలిగిస్తన్నాను. నన్ను ఎలేస్తారేటి సంఘం నుంచి? ఎలీండి" అన్నారు పెద్దాయన వైపు చూడకుండానే. కొవ్వొత్తి వెలిగించి కోడలి పక్కన కూలబడి, పలకడం రాని ఆ పేరును మూడు నాలుగు విధాలుగా పలికి చూశారు. ఐకు, హయికు, హైకు. "సరిగ్గా సెప్పవే అనహిత్. ఎలగనాలి?" అన్నారు. అత్తగారి నోట ఆ పేరు నేను వినడం అదే మొదలు. అప్పుడు ఏడ్చింది అక్క.

మర్నాడే డాక్టరు గారితో కలిసి బయల్దేరి వెళ్ళి, వాళ్ళ ఆచారం ప్రకారం నలభయ్యో రోజు ప్రార్థన అయ్యాక తిరిగి వచ్చింది. వచ్చాక మాటలు తగ్గాయి. నాకు పని నేర్పడం ఎక్కువైంది. అంతకు ముందు కాళ్ళు పట్టుకోవడమే నా పని, ఇప్పుడు నా చేతులు పట్టుకుని నేర్పింది. ఒకసారి ఒక రోగి టీవీలో విన్న యుద్ధం కబుర్లేవో ఉత్సాహంగా చెబుతుంటే నా చేతులు గబగబా కదిలాయి. అక్క నా మణికట్టు పట్టుకుని ఆపింది. "కోపమొచ్చినప్పుడు సెయ్యి బేగి కదుల్తాది. అలగ సేస్తే కండ ఇంకా బిగుస్తాది. ఒక సోట ఎట్టు. నొక్కి ఉంచు. ఒగ్గకు." కోపం మానుకోమని మాత్రం అనలేదు. ఆ తర్వాత పుస్తకమూ నేను అలాగే చదువుతున్నాను. ఇరువర్గాలు అని కనబడితే అక్కడ ఆగి, ఎవరు, ఎవరి తుపాకీతో అని పేజీ మీద వేలు ఆనించి ఉంచుతాను. దాంతో లైబ్రరీలో నాకు తగువులమారి అని పేరొచ్చింది, రానివ్వండి. అటువైపు అజర్‌బైజాన్ వాళ్ళు కూడా ఎంతోమంది ఇళ్ళు వదిలి పారిపోయారని, తమ ఊళ్ళు మళ్ళీ చూడలేదని కూడా అలా చదివే తెలుసుకున్నాను. అక్కకు చెబితే "తెలుసు. మా అమ్మ పెళ్ళిలో డోలు కొట్టినోడు కూడా అలగే పోనాడు" అంది.

వాళ్ళమ్మ ఊరు వదలనంది. కొడుకు సమాధి అక్కడుంది, నేనెక్కడికీ రానని. వాళ్ళ నాన్న రష్యాలో పనిమీదే ఉన్నాడు, ఆ పని మానితే పొయ్యి వెలగదు. 2018లో అక్కే వెళ్ళిపోయింది. డాక్టరు గారు నర్సింగ్ హోం మూసేసి ఆవిడతో పాటే వెళ్ళారు. ఆ సరిహద్దు ఊళ్ళకు డాక్టర్లు దొరకరట, ఆయనకు భాషా వచ్చు. కరుణమ్మ గారు శృంగవరపుకోటలో కూతురి దగ్గర చేరి, వారం వారం కోడలితో ఫోనులో తిట్టుకుంటూ సుఖంగానే ఉన్నారు. ఊరు మాత్రం, రష్యా డాక్టరమ్మ రష్యా వెళ్ళిపోయింది అనుకుంది. ఎవరైనా నా ముందు ఆ మాటంటే ఇప్పటికీ ఊరుకోను.

మొన్న అక్టోబరులో వీడియోలో మాట్లాడింది. తలకు గుడ్డ కట్టుకుని, చేతుల నిండా ఊదా మరకలతో ఉంది. వాళ్ళ దొడ్డి వెనక ఏటవాలు మీద తోట ఉందని నాకు అప్పుడే తెలిసింది.

"ఏటక్కా ఆ చేతులు?"

"దాచ్చపళ్ళు కోసినాం. నిన్నా ఇయ్యాలా అదే పని. అయిపోనాది."

"తోటంతా కోసేశారా?"

"అంతా ఏటి. కింద రెండు వరసలు ఒగ్గీసినాం. అవి ఆలకి కనిపిస్తాయి."

ఎంత మామూలుగా అందంటే, నేను ముందు వేరే ఏదో అడగబోయాను. తర్వాత కాపలావాళ్ళున్న ఆ కొండ గుర్తొచ్చింది.

"మరి ఆ పళ్ళు?"

"పిట్టలు తింతాయి. పిట్టల్ని ఎవుడూ కాల్చడు గదా." గుడ్డతో చేతులు తుడుచుకుంది. "అమ్మ పిలుస్తన్నాది. ఉంతానే."

కాల్పుల విరమణ అమల్లోనే ఉందని పేపర్లు రాస్తూనే ఉన్నాయి. నేనూ చదువుతూనే ఉన్నాను. ఇప్పుడు ఎక్కడ ఎవరు సంతకాలు పెట్టుకున్నా, ఏ పెద్ద దేశం ఏ చిన్న దేశాల మధ్య నిలబడి ఫొటో దిగినా, కింద రాసిన శాంతి అనే మాట మీద వేలు పెట్టి ఆగిపోతాను. ఆ రెండు వరసలు కోసుకోనిచ్చారా అని అడుగుతాను. జవాబు చెప్పేవాళ్ళు ఎదురుగా ఎవరూ ఉండరు. అయినా అడగడం మానను.